థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకోవాలి, టీఎస్‌హెచ్ రిపోర్టు ఎలా చూసుకోవాలి

"డోసు పెంచారు, అయినా టీఎస్‌హెచ్ దిగట్లేదు. ఏం చేయాలి?" మందుల షాపులో కూర్చునే నన్ను జనం తరచుగా అడిగే ప్రశ్న ఇది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష. నేను తిరిగి ఒకటే అడుగుతాను: పొద్దున లేచాక మొదటి గంటలో ఏం మింగుతున్నారు, ఏం తాగుతున్నారు? చాలామంది విషయంలో జవాబు అక్కడే దొరికిపోతుంది. మాత్రలో లోపం ఉండదు, దాని పక్కన చేరిన కాఫీయో, కాల్షియం బిళ్ళో దాన్ని ఒంటికి పట్టనివ్వదు. అందుకే ఇంకో 25 ఎంసీజీలు (మైక్రోగ్రాములు) పెంచమని డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఇది ఒకసారి చదవండి.

ఇది హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించడం, ఉండి, లెవోథైరాక్సిన్ మాత్ర వాడుతున్నవాళ్ళ కోసం. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ అని సీసా మీద పేర్లు వేరుగా ఉన్నా లోపల మందు ఒకటే. హైపర్, అంటే గ్రంథి అతిగా పనిచేయడం, ఉన్నవాళ్ళకి మందు వేరు, జాగ్రత్తలు వేరు. వాళ్ళ సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మాత్రల సీసా. దాని మీద ఎన్ని ఎంసీజీలో, గడువు తేదీ ఎప్పుడో కనబడాలి.
- మీరు వాడే మిగతా మందులన్నీ. బీపీ, షుగర్, గ్యాస్ బిళ్ళలే కాదు, జుట్టు కోసం వాడే విటమిన్లు, పొడులు కూడా.
- పాత రిపోర్టులు, తేదీల వరసలో.
- ఒక చిన్న నోటుబుక్కు, లేదా ఫోన్‌లో అలారం.

1. మీది ఏ రకమో తెలుసుకోండి

మెడ ముందు భాగంలో, కంఠమణికి కాస్త కింద ఉండే గ్రంథి థైరాయిడ్. టీ4, టీ3 అనే హార్మోన్లు తయారుచేస్తుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దీనికి మేస్త్రీ. పని సాగకపోతే మేస్త్రీ గొంతు పెంచుతాడు, ఆ గొంతే టీఎస్‌హెచ్. కాబట్టి టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ మందగించిందని, బాగా పడిపోయిందంటే అతిగా పనిచేస్తోందని అర్థం. అంకె పెద్దగా ఉంటే "నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అనుకుని హైపర్ మందు గురించి వాకబు చేసేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. అది తలకిందులు లెక్క.

థైరాయిడ్ మందగిస్తే నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, పొద్దున్నే ముఖం ఉబ్బినట్టు ఉండటం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో రక్తస్రావం ఎక్కువ కావడం కనిపిస్తాయి. కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది. ఎక్కువమందిలో కారణం హషిమోటో జబ్బు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేసి మెల్లగా పాడుచేస్తుంది. 1912లో దీన్ని వర్ణించిన జపాన్ వైద్యుడి పేరే దీనికి పెట్టారు. యాంటీ టీపీఓ అనే రక్తపరీక్షతో ఇది బయటపడుతుంది. గ్రంథిని ఆపరేషన్ చేసి తీసేసినా, రేడియో అయోడిన్ ఇచ్చినా ఇదే పరిస్థితి వస్తుంది. మానసిక జబ్బుకిచ్చే లిథియం, గుండె లయకిచ్చే అమియోడరోన్ లాంటి మందులు కూడా కారణం కావచ్చు.

కొందరికి కాన్పు తర్వాత నెలల్లో, లేదా వైరల్ జ్వరం తర్వాత గ్రంథి వాచి, మొదట హైపర్, ఆ తర్వాత హైపో అయి, మళ్ళీ దానంతటదే సర్దుకుంటుంది. "జీవితాంతం వాడాలా?" అనే ప్రశ్నకు జవాబు ఈ కారణాన్ని బట్టే ఉంటుంది. హషిమోటో, ఆపరేషన్ అయినవాళ్ళకి సాధారణంగా అవుననే చెప్పాలి. కాన్పు తర్వాత వచ్చినవాళ్ళు మాత్రం ఎప్పుడు ఆపి చూడవచ్చో డాక్టరుని తప్పకుండా అడగండి.

2. మాత్రకు ఒక వేళ ఖాయం చేయండి

పొద్దున లేవగానే, పరగడుపున, ఒక గ్లాసు మంచినీళ్ళతో. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఇంకేమీ వద్దు. గంట ఆగగలిగితే మరీ మంచిది.

"ఇంకేమీ" అంటే కాఫీ కూడా. మనవాళ్ళకి అసలు ఇబ్బంది ఇక్కడే. కాఫీ ఈ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, అందులోని పాలు ఇంకాస్త తగ్గిస్తాయి. నిమ్మరసం తేనె, మెంతుల నీళ్ళు, రాగిజావ, ఇసబ్‌గోల్ ఇవన్నీ ఆరోగ్యానికి మంచివే కావచ్చు, కానీ గంట తర్వాతే. గోరువెచ్చని నీళ్ళయితే పర్వాలేదు.

కాఫీ లేనిదే కళ్ళు తెరుచుకోనివాళ్ళకి, తెల్లవారుజామునే పనికి పోయేవాళ్ళకి ఇంకో దారి ఉంది. రాత్రి పడుకునే ముందు, భోజనమై కనీసం మూడు గంటలు గడిచాక వేసుకోవచ్చు. ఇదీ బాగానే పనిచేస్తుంది. అయితే తొమ్మిదిన్నరకి తిని పదిన్నరకి పడుకునే ఇంట్లో ఇది కుదరదు. పొద్దునైనా రాత్రైనా ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి, ఒకరోజు అలా ఒకరోజు ఇలా వద్దు. మార్చుకునేటప్పుడు డాక్టరుకి చెప్పండి.

ఉపవాసం రోజున మాత్ర మానేస్తున్నారా? కార్తీక సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు కలుపుకుంటే నెలకి ఎన్ని మాత్రలు పోతాయో లెక్కేసుకోండి. ఇది పరగడుపున వేసుకునే మాత్రే కాబట్టి ఉపవాసం ఉన్నవాళ్ళకి ఇంకా సులువు. రంజాన్ నెలలో రోజా ఉండేవాళ్ళు ఇఫ్తార్ అయిన మూడు గంటలకి పడుకునే ముందు గానీ, సెహరీకి అరగంట, గంట ముందు లేచి గానీ వేసుకోవచ్చు.

3. మిగతా మాత్రల్ని దూరం జరపండి

మొన్న కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడతో జరిగిన మాట ఇది.

"అమ్మా, గ్యాస్ బిళ్ళ ఎప్పుడు వేసుకుంటారు?"

"పరగడుపునే కదా బాబూ. అదీ పరగడుపునే, ఇదీ పరగడుపునే. రెండూ కలిపి గుటుక్కున మింగేస్తా."

"కాల్షియం?"

"అది టిఫిన్ తిన్నాక. ఓ అరగంటకి."

ఆవిడ డోసు రెండుసార్లు పెరిగింది. మాత్రల వేళ గురించి మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

కాల్షియం, ఐరన్, యాంటాసిడ్ సిరప్‌లు, సుక్రాల్‌ఫేట్: వీటికీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మల్టీవిటమిన్లలో కూడా ఐరన్, కాల్షియం ఉంటాయి కాబట్టి అదే లెక్క. పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుంటే, ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి భోజనంతో వేసుకోండి. అప్పుడు ఆ రెండూ కూడా ఒకదాన్నొకటి అడ్డుకోవు.

పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళల సంగతి కాస్త వేరు. ముందు థైరాయిడ్ మాత్ర, అరగంట గడిచాక గ్యాస్ బిళ్ళ, ఇంకో అరగంటకి టిఫిను. కానీ ఇలా ఎడం పెట్టినా చిక్కు పూర్తిగా పోదు. థైరాయిడ్ మాత్ర బాగా కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, ఈ బిళ్ళలు రోజంతా దాన్నే తగ్గిస్తాయి. నెలల తరబడి రోజూ వాడుతున్నారా? అయితే ఆ సంగతి థైరాయిడ్ చూసే డాక్టరుకి చెప్పండి. అవసరమైతే డోసు సర్దుతారు, అవసరం లేకపోతే గ్యాస్ బిళ్ళే మాన్పిస్తారు. మన దగ్గర చీటీ లేకుండా ఏళ్ళకేళ్ళు గ్యాస్ బిళ్ళ మింగేవాళ్ళకి లోటు లేదు, నా కౌంటర్ మీద నుంచే పోతుంటాయి.

బీపీ మాత్రలకి ఇంత పట్టింపు లేదు. షుగర్ మందులు ఎలాగూ చాలావరకు తిండితో ముడిపడినవే.

4. సీసాని సరిగ్గా దాచండి

ఈ మందుకి వేడి, వెలుతురు, తేమ మూడూ పడవు. పొయ్యి పక్క అలమర, కిటికీ గూడు, బాత్రూం అద్దం వెనక అర, కారు డాష్‌బోర్డు వద్దు. ఫ్రిజ్‌లో కూడా అక్కర్లేదు, మూత తీసిన ప్రతిసారీ తేమ చేరుతుంది. పడకగదిలో ఎండ తగలని చోట ఉంచండి, లేబుల్ మీద ఉన్న ఉష్ణోగ్రత చూసుకోండి. సీసాలో వచ్చినవాటిని సీసాలోనే ఉంచండి. చేతిలోకి ఓ పది వంపుకుని మళ్ళీ లోపల పోయకండి.

కంపెనీ మార్చడం తప్పేమీ కాదు. కాకపోతే ఈ మందులో చిన్న తేడా కూడా టీఎస్‌హెచ్‌లో కనబడుతుంది. "అది లేదండీ, ఇది తీసుకోండి" అని షాపులో వేరే కంపెనీది ఇస్తే, ఎంసీజీలు అవేనా కాదా చూడండి. 25కీ 125కీ తొందరలో కళ్ళు మోసపోతాయి. మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి పరీక్ష చేయించుకోండి.

5. మర్చిపోతే

ఆ రోజే గుర్తొస్తే, కడుపు ఖాళీగా ఉన్న వేళ చూసి వేసుకోండి. సాయంత్రమైనా సరే. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మాత్ర మాత్రం మామూలుగా వేసుకుని సాగిపోండి. డాక్టరు చెబితే తప్ప రెండు కలిపి వేసుకోకండి. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది, అందుకే ఒక్కరోజు తప్పితే కంగారు లేదు. తిప్పలు తెచ్చేది వారానికి రెండు మూడు రోజులు తప్పే అలవాటు. ఊరెళ్ళినప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు సీసా ఇంట్లో వదిలేసి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. సంచిలో మొదట పెట్టాల్సింది అదే.

6. పరీక్షకు ఇలా వెళ్ళండి

- డోసు మొదలుపెట్టినా, మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. పదిహేను రోజులకే చేయిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు, డబ్బు దండగ. డోసు కుదిరాక ఆరునెలలకోసారి, ఆపై ఏడాదికోసారి చాలు.
- ప్రతిసారీ అదే ల్యాబు, ఇంచుమించు అదే వేళ. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. ఒకసారి పొద్దున ఏడింటికి, ఇంకోసారి సాయంత్రం నాలుగింటికి ఇచ్చి రెండూ పోల్చుకుంటే తప్పు లెక్క వస్తుంది.
- టీఎస్‌హెచ్‌కి పరగడుపు తప్పనిసరి కాదు. కానీ ఆ రోజు మాత్రని రక్తం ఇచ్చాకే వేసుకోండి, ముందే వేసుకుంటే టీ4 కాసేపు ఎక్కువగా కనబడుతుంది.
- జుట్టు, గోళ్ళ కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపండి. చాలా ల్యాబు యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ని లేనంత తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. మనిషి బాగానే ఉంటాడు, రిపోర్టు హైపర్ అంటుంది. హైపో వల్ల జుట్టు ఊడి, దానికోసం బయోటిన్ మింగి, దానివల్ల రిపోర్టు తప్పి, డోసు తగ్గించేసుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది.
- జ్వరంతో పడి ఉన్నప్పుడు, ఆసుపత్రిలో చేరినప్పుడు మామూలు చెకప్‌గా చేయించకండి. ఒంట్లో వేరే జబ్బు ఉన్నప్పుడు అంకెలు అటూ ఇటూ అవుతాయి.

తెలంగాణలో టీ-డయాగ్నొస్టిక్స్ ద్వారా ప్రభుత్వాసుపత్రుల నుంచి పంపే శాంపిళ్ళకి థైరాయిడ్ పరీక్ష ఉచితం. మీ ఆసుపత్రిలో అడిగి చూడండి.

7. రిపోర్టు చదవండి

ముందు ల్యాబు ఇచ్చిన ప్రమాణం చూడండి. చాలాచోట్ల 0.4 నుంచి 4 లేదా 5 దాకా ఉంటుంది. తర్వాత టీఎస్‌హెచ్, ఆ తర్వాత ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే టీ4.

టీఎస్‌హెచ్ 7, ఫ్రీ టీ4 మామూలుగా ఉందనుకోండి. మాత్ర ఇంకా మొదలుపెట్టనివాళ్ళలో దీన్ని సబ్‌క్లినికల్, అంటే ఇంకా పూర్తిగా బయటపడని హైపో, అంటారు. రెండు మూడు నెలలకి మళ్ళీ చూస్తే చాలామందిలో తగ్గిపోతుంది కూడా. ఒక్క రిపోర్టు పట్టుకుని జీవితాంతం మాత్ర మొదలుపెట్టనక్కర్లేదు. 10 దాటితే సాధారణంగా మందు ఇస్తారు. గర్భిణులకి, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకి ఈ లెక్క వర్తించదు, వాళ్ళు వెంటనే డాక్టరుని కలవాలి. 70 దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్ వయసుతో కాస్త పెరగడం మామూలే, తాతగారికి 6 ఉందని గాభరా పడకండి.

మాత్ర వాడుతూ టీఎస్‌హెచ్ 0.1 కన్నా తక్కువ వస్తే డోసు ఎక్కువైనట్టు. గుండెదడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇంకా ఖాయం. ఏమీ అనిపించకపోయినా వదిలేయకండి, పెద్దవయసులో ఇది గుండె లయ తప్పడానికి, ఎముకలు గుల్లబారడానికి దారితీస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళకి కొన్నిసార్లు కావాలనే తక్కువ ఉంచుతారు, అది వేరే సంగతి.

ఇంకొక రకం రిపోర్టు ఉంది: టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 కూడా నిండుగా ఉంటుంది. నెలలో సగం రోజులు మాత్ర తప్పించి, పరీక్షకి ముందు నాలుగు రోజులు బుద్ధిగా వేసుకున్నవాళ్ళలో సాధారణంగా ఇలా కనబడుతుంది. టీ4 తొందరగా పెరుగుతుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు పడుతుంది. డాక్టరు ముఖం చూసి "రోజూ వేసుకుంటున్నానండీ" అంటే డోసు పెంచుతారు. అప్పుడు నిజంగానే రోజూ వేసుకుంటే హైపర్‌లోకి పోతారు. తప్పిన రోజులు తప్పినట్టు చెప్పేయండి.

8. పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

నీరసం రెండు మూడు వారాల్లో కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది. మలబద్ధకం, ముఖం ఉబ్బు తర్వాత. జుట్టుకి నెలలు పడుతుంది, మాత్ర మొదలుపెట్టిన కొత్తలో ఇంకాస్త రాలినట్టు కూడా ఉంటుంది, ఆపేయకండి. బరువు దగ్గర ఆశలు తగ్గించుకోండి. హైపో వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే, అందులో చాలాభాగం నీరు. పదిహేను కిలోల భారాన్ని థైరాయిడ్ మీద వేసి, మాత్రతో కరిగిపోతుందని చూస్తే నిరాశే. తగ్గడం కోసం డోసు పెంచుకోవడం అయితే ప్రమాదం.

టీఎస్‌హెచ్ బాగానే ఉండి నీరసం పోకపోతే హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, షుగర్ చూపించుకోండి. నిద్ర, మనసు సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. అన్నీ థైరాయిడ్ ఖాతాలో రాసేయడం వల్ల అసలు కారణం మరుగున పడిపోతుంది.

గర్భం వస్తే

నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. మాత్ర ఆపకండి, ఇది బిడ్డకి హాని చేయదు. ఆపితేనే హాని. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే ఆధారం. చాలామందికి డోసు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది, సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తారు. ఇదే సమయంలో ఆశా కార్యకర్త ఐరన్, కాల్షియం బిళ్ళలు ఇస్తుంది. అవీ వేసుకోవాలి, నాలుగు గంటల ఎడంతో. కాన్పయ్యాక డోసు మళ్ళీ పాత లెక్కకి వస్తుంది. పుట్టిన బిడ్డకి టీఎస్‌హెచ్ పరీక్ష చేశారా అని డిశ్చార్జికి ముందే అడగండి. పుట్టుకతో వచ్చే లోపాన్ని మొదటి రెండు వారాల్లో పట్టుకుంటే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది.

తిండి గురించి రెండు ముక్కలు

క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని మామూలుగా తినండి. సోయా, మన మీల్‌మేకర్, మాత్రకి దగ్గరలో వద్దు. తినాలనుంటే మధ్యాహ్నం తినండి.

ఉప్పు సంగతి మాత్రం పట్టించుకోండి. సైంధవ లవణం, గులాబీ ఉప్పు, కల్లుప్పు మంచివని మారినవాళ్ళు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందో లేదో చూడండి. నవ్వే సూర్యుడి గుర్తు ఉంటుంది. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు వాడించి గొంతువాపు తగ్గించవచ్చని 1956 నుంచి సాగిన అధ్యయనంతో నిరూపించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో పుట్టినవారే. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ (గొంతువాపు) నివారణ కార్యక్రమానికి ఆ పని పునాది. అయితే అయోడిన్ మందుగా విడిగా మింగకండి. హషిమోటో ఉన్నవాళ్ళలో అది ఎక్కువైనా చెరుపే.

హైపర్ ఉన్నవాళ్ళకి

బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండెదడ, చెమటలు, చేతుల వణుకు, విరేచనాలు, కొందరిలో కనుగుడ్లు ముందుకి రావడం దీని లక్షణాలు. ఎక్కువగా గ్రేవ్స్ జబ్బు వల్ల, అంటే రక్షణ వ్యవస్థే గ్రంథిని అతిగా పనిచేయించడం వల్ల, వస్తుంది. పొగ తాగితే కళ్ళ సమస్య ముదురుతుంది. దీనికి ఇచ్చే కార్బిమజోల్, అంటే నియోమెర్కజోల్, వాడుతున్నప్పుడు జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్ళు వస్తే మామూలు జలుబని పారాసిటమాల్ కొనుక్కుని ఊరుకోకండి. ఆ మాత్ర ఆపి, అదే రోజు డాక్టరుని కలిసి సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేయించండి. తెల్లకణాలు పడిపోవడం అరుదే గానీ ప్రాణాంతకం. పిల్లల కోసం అనుకుంటే ముందే చెప్పండి, మందు మార్చాల్సి రావచ్చు.

ఆలస్యం చేయకూడనివి

హైపో ఉన్న పెద్దవాళ్ళు మాత్రలు మానేసి ఉండి, మగతగా, ఒళ్ళు చల్లబడి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే 108కి ఫోన్ చేయండి. హైపర్ ఉన్నవాళ్ళకి విపరీతమైన జ్వరం, గుండె వేగం, కలవరింతలు వచ్చినా అంతే. మెడలో గడ్డ తొందరగా పెరుగుతున్నా, మింగడం కష్టమైనా, గొంతు మారిపోయినా స్కానింగ్ వాయిదా వేయకండి. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, కానీ ఆ మాట చెప్పాల్సింది స్కానింగ్, అవసరమైతే సూది పరీక్ష.

మిగిలిన పాత సీసా

డోసు 25 నుంచి 50కి మారితే పాత సీసా పారేయనక్కర్లేదు. డాక్టరు సరే అంటే 25వి రెండు వేసుకుని అవగొట్టండి, ఆ తర్వాతే 50 సీసా మూత తీయండి. రెండు సీసాలూ ఒకేచోట ఉంటే పొద్దున నిద్రమత్తులో కలిసిపోతాయి. "నాకూ నీలాగే నీరసం" అన్న పక్కింటి వదినకి మాత్రం ఇవ్వకండి. ఆవిడని ముందు టీఎస్‌హెచ్ చేయించుకోమనండి.